బెల్లం రంగు

మా కెమెరా ముఠాలో అయిదుగురం. ముఠా అని ఎందుకంటున్నానంటే, ఆదివారం తెల్లవారకముందే ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పకుండా జారుకుంటాం. మిగతా ఆరు రోజులూ అందరం బుద్ధిమంతులమే. నేను తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఏడో రోజు మాత్రం రేణిగుంట యార్డులో గూడ్సు పెట్టెల సందుల్లోంచి పొద్దు ఎట్లా పొడుస్తుందో, టీ బంకులో పొంగే పాల మీద ఎండ ఎట్లా పడుతుందో చూస్తూ పోట్లాడుకుంటాం. వాళ్ళు "ఫోటో తీసేద్దాం" అంటే నేను "ఇంకో పది నిమిషాలు ఆగండి" అంటాను. నాకు ఓపిక ఎక్కువని కాదు. ఎదుటివాళ్ళు తొందరపడితే నాకు ఒళ్ళుమంట.

ఇన్ని ఊళ్ళు తిరిగినదాన్ని, చిత్తూరు పక్కన మా ఊళ్ళో నాయన బెల్లం వండడం కూడా చూడదగ్గ సంగతేనని నాకు తోచనే లేదు. పెరటి చెట్టు మందుకు రాదు కదా. నిరుడు చలికాలంలో ఏవో మాటల మధ్య ఆ సంగతి చెబితే, నలుగురూ టీ గ్లాసులు కింద పెట్టి, "ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్నావా?" అని నా మీద పడ్డారు. మరుసటి ఆదివారమే బయల్దేరాం.

చిన్నప్పటినుంచీ ఆడుకున్న గానుగ పాకను ఆ పొద్దున మొదటిసారి చూశాను. పెద్ద పెనంలో చెరకు రసం మరుగుతోంది. పాకంతా ఆవిరి. కప్పు చిల్లుల్లోంచి ఎండ ఆ ఆవిరిలోకి పుల్లలు పుల్లలుగా దిగింది. నాయన తలకు తువ్వాలు చుట్టుకుని పొడుగాటి గరిటెతో పాకం తిప్పుతున్నాడు. మధ్యలో గరిటె పైకెత్తి, జారే పాకాన్ని ఎండకెదురుగా పట్టి దాని రంగు చూస్తాడు. మళ్ళీ తిప్పుతాడు, మళ్ళీ చూస్తాడు. వెలుతురు కోసం పడిగాపులు కాసేది మేమే అనుకున్నాను. నాయన ముప్ఫై ఏళ్ళుగా ఆ పనే చేస్తున్నాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, కాసేపు కెమెరా సంగతే మరిచిపోయాను. ఆ తర్వాత తీసినవాటిలో పనికొచ్చింది ఒక్కటే. పాకాన్ని చెక్క తొట్టిలోకి వంచుతూ నాయన నవ్విన ఫోటో.

తిరుపతికి వచ్చి చూసుకుంటే అది నాకు చాలలేదు. నాయన బెల్లం ముదురు రంగు, డికాక్షన్ రంగు. ఫోటోలో మరీ నల్లగా కనబడింది. ఫోన్లో కాస్త వెలుతురు పెంచాను, కాస్త పసుపు కలిపాను. ఇంకాస్త కలిపాను. చివరికి బంగారం కరిగి కారుతున్నట్టు తయారైంది. మా ముఠాలో నలుగురూ ఆహా అన్నారు. నేను దాన్ని స్టేటస్‌లో పెట్టి, ఎవరెవరు చూశారో గంటకోసారి చూసుకుని మురిసిపోయాను.

చూసినవాళ్ళలో పుత్తూరు సాయిబు ఉన్నాడు. ఆయన వేరుశెనగపప్పు, బెల్లం కలిపి చెనక్కాయ ఉండలు చేసి అమ్ముతాడు. బెల్లం సిద్ధమైనప్పుడల్లా ఆయనకు ఫోను చేసే పని నాది. ఆయన మా నాయన దగ్గర తప్ప ఇంకెక్కడా బెల్లం తీసుకోడు. బెల్లం పసుపుపచ్చగా మెరవడానికి చాలామంది పాకంలో ఏదో పొడి కలుపుతారు. మా వైపు దాన్ని మందు అంటారు. నాయన మందు ముట్టడు. తినేది పిల్లలు కాబట్టి సాయిబుకు అదొక్కటే కావాలి.

ఆ వారం కూడా సాయిబుకు ఫోను చేశాను.

"ఇంక వద్దులే బేటీ. మీ నాయన గూడా మందు మొదులుపెట్టినాడు గదా. నీ ఫోటోలోనే సూసినా. ఆ మనిషి ఇట్ట సేస్తాడనుకోలే."

మందు వేసింది నేనే అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఫోను పెట్టేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నాలాంటివాళ్ళను చూసే అనుంటారు. ఒక బేరం పోతే ఇంకోటి వస్తుంది. నాయన పేరు పోతే నేనెక్కడినుంచి తేను?

మరునాడు సెలవు పెట్టి ఊరికి పోయాను. నాయన పాక ముందు చెరకు పిప్పి ఎండబోస్తున్నాడు. జరిగిందంతా చెప్పి, ఫోటో చూపించాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి అడిగాడు.

"నా బెల్లం బాగలేదా పాపా?"

"అట్లా కాదు నాయనా."

"మరెందుకు మార్సినావు?"

పోట్లాటలో ఎవరికీ తగ్గనిదాన్ని, కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడ్డాను. మార్చనిది ఉందా అని అడిగాడు. తీసి చూపించాను. "ఇదీ నా బెల్లం" అన్నాడు. తువ్వాలు దులుపుకుని, ఒక బెల్లం అచ్చు సంచిలో వేసుకుని, "పద, పుత్తూరు పోదాం" అన్నాడు.

బస్సులో దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు కూడగట్టుకున్నాను. రంగు కలిపింది నేను. మా నాయనకు తెలియదు. తప్పు నాది.

సాయిబు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు గానీ కూర్చోమనలేదు. నేను నోరు తెరిచేలోగా నాయన అచ్చు తీసి బల్ల మీద పెట్టాడు.

"నోట్లో ఏసుకో సాయిబూ. ఆ పైన మాట్లాడు."

ఆయన ఒక ముక్క గిల్లి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని చప్పరించాడు. ఇంకో ముక్క గిల్లాడు.

"ఎప్పుట్లాగే ఉండాదప్పా. ఏం మారలే. మరి ఆ ఫోటోలో అంత పచ్చంగా..."

"అది నేను..." అన్నాను.

"ఎండ," అన్నాడు నాయన. "పాకం వంచేటప్పుడు ఎండ సరీగ్గా దాని మింద పడింది. పాప ఏం జేస్తాది? ఉండేది ఉండేట్టు తీసింది."

సాయిబు నుదురు కొట్టుకున్నాడు. "ఎండను సూసి నిన్ను అనుమానిస్తి గదప్పా!" అని నాయన చేయి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. నాకు చెనక్కాయ ఉండలు పొట్లం కట్టి ఇచ్చాడు. తలెత్తకుండానే అందుకున్నాను.

బస్టాండులో ఇక ఉండబట్టలేక అడిగాను. "అబద్ధం ఎందుకు చెప్పినావు నాయనా? నేనే ఒప్పుకునేదాన్ని గదా."

నాయన బస్సు వచ్చే వైపే చూస్తున్నాడు.

"బెల్లంలో మందు లేదని ఆయప్పకు తెలియల్ల. తెలిసింది. నువ్వు తప్పు జేసినావని తెలియాల్సింది నా ఒక్కడికే. నాకు తెలుసు. ఇంక సాలు."

ముప్ఫై ఏళ్ళు పాకంలో చిటికెడు మందు కలపని మనిషి, ఆ రోజు నా కోసం మాటలో కలిపాడు.