మైకు లేని వీణ

మొన్న వీణలు బాగుచేసే దుకాణం ముందు వేడి మైనం వాసన తగిలింది. అరవైల చివరినాటి విజయనగరం, సుభద్రమ్మ గారు ఒక్కసారిగా గుర్తుకొచ్చారు. అప్పుడే పత్రికలో చేరిన నేను ఆవిడ ఇంటి ముందుగదిలో అద్దెకుండేవాణ్ణి. ఊరంతా మైకుసెట్లు సినిమా పాటలతో హోరెత్తుతుంటే, ఆవిడ తాతల నాటి వీణ బాణీని మళ్ళీ నిలబెట్టాలని పట్టుబట్టారు. తొందరలేని రాగం, తానం, మైకు లేని నాదం. పొద్దున్నే మైనం కరిగించి వీణ మెట్లు బిగించుకుంటూ, "గుమ్మంలోంచి సూస్తావేటి బాబూ? లోపలికొచ్చి ఇను" అనేవారు.

ఆమదాలవలసలో రైసుమిల్లు యజమాని సంగీతం బడి పెడుతూ ఆవిణ్ణి పంతులమ్మగా పిలిచాడు. అతను ఆవిడకి వరసకు మేనమామ. పాత బాణీయే నేర్పుతానన్నారావిడ.

"ముందు మా మిల్లులో కచేరీ సెయ్యి సుభద్రా. జనం కూకుంటే నీ మాటే. లేసిపోతే పిల్లలకి సినిమా పాటలే నేర్పాల."

"సరే మావా. మైకు మాత్రం పెట్టకు."

"మైకు లేకపోతే నీ ఈణ నీకే ఇనబడతాదే!"

కచేరీనాటి సాయంత్రం ఆవిడా నేనూ రైలు దిగి వెళ్ళేసరికి ధాన్యం ఆరబోసే గచ్చు నిండా కుర్చీలు, కుర్చీల నిండా జనం. ఆవిడ రాగం ఎత్తుకున్నారు. కాసేపటికే వెనకనుంచి ఒక రైతు, "ఏటినబడతన్నాది? ఈగ మోతలాగున్నాది!" అని అరిచాడు. అందరూ నవ్వారు. కొందరు లేచి కండువాలు దులుపుకున్నారు. ఎందుకైనా మంచిదని పిలిపించి ఉంచిన మైకువాడికి మిల్లు యజమాని సైగ చేశాడు.

సుభద్రమ్మ గారు తల ఎత్తారు. "ఒరే తమ్ముడూ, ఇనబడకపోతే అరుస్తావేటి? దగ్గరికి రా!"

"ఎంత దగ్గరికప్పా?" అన్నాడతను, సొంత అక్కని పిలిచినట్టు.

"నా ఈణ మీద పడకుండా!"

నవ్వుకుంటూ వచ్చి ఆవిడ ఎదురుగా గచ్చు మీద చతికిలబడ్డాడతను. వెనకే పదిమంది, ఆ వెనక అందరూ. చూస్తుండగానే కుర్చీలన్నీ ఖాళీ. వీణ చుట్టూ జనం. తానం ఊపందుకోగానే ఆ రైతు పక్కవాడి తొడ చరిచాడు. "ఒరే, గుర్రం దౌడు తీస్తన్నట్టున్నాదిరా!" ఒక్కరు కదిలితే ఒట్టు. చివరికి మిల్లు యజమానే పంచె ఎగ్గట్టి, "జరగండర్రా, నాకినబడ్డం లేదు" అంటూ మధ్యలోకి దూరాడు. సుభద్రమ్మ గారు నావైపు చూసి కళ్ళతోనే నవ్వారు. బళ్ళో ఏ బాణీ నేర్పాలో ఇంకెవరూ అడగలేదు.

ఆ తర్వాత విలేకరిగా ఎన్నో సభలకు వెళ్ళాను. మైకు ముందు మాట్లాడేవారి మాటలు ఎలాగూ అందరూ రాసుకుంటారు. నేను మాత్రం గొంతు చిన్నదైన మనిషి ఎక్కడున్నాడో వెతుక్కునేవాణ్ణి. ఇప్పుడు నా చెవులు మందగించాయి. అయినా ఎవరినీ గట్టిగా చెప్పమనను. కుర్చీ వదిలి, వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను.