కంప వెయ్యని నాటి తక్సీరు

నా చిన్నప్పుడు మా రాచర్ల పక్క చేలకు తలుపులు ఉండేవి కావు. చుట్టూ ముళ్లకంచె, అందులో మనిషీ పశువూ దూరేంత సందు, ఆ సందుకు అడ్డంగా ఒక తుమ్మకంప. అంతే. లోపలికి పోయేవాళ్లు పంగలకర్రతో కంపను పక్కకు నెట్టుకుని పోవాలి, బయటికి వచ్చాక మళ్లీ అడ్డంగా లాగాలి. చేను ఎవరిదైనా సరే, ఆఖరున దాటినవాళ్లదే ఆ పని. ఇది ఒకరు చెప్పేది కాదు. నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలిసిందే.

అప్పుడు మాది కర్నూలు జిల్లా, మద్రాసు దొరల ఏలుబడి. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. మధ్యాహ్నం మా పెదనాయనకు చేనికి సంగటి మోసుకుపోవడం నా పని. ఆ రోజు జొన్న పాలకంకి మీద ఉంది. పెదనాయన తిని, చేయి కడుక్కుని, మంచె నీడన నడుము వాల్చాడు. నేను బయటికి వచ్చి, సందు పక్కనున్న రేగుచెట్టు కింద పళ్లు ఏరుకున్నాను. ఒళ్లో పళ్లు, చంకలో సట్టి. కంప లాగాలంటే పళ్లన్నీ కింద పోయాలి. ఎవరొస్తారులే అనుకుని ఇంటికి వచ్చేశాను.

వచ్చింది పక్కింటి అక్క బర్రె. నీళ్లకు తోలుతుంటే తలుగు తెంపుకుని ఆ సందులో దూరింది. మేసింది కొంత, తొక్కింది అంతకు రెండింతలు. పెదనాయన దాన్ని పట్టి తెచ్చి తన కొట్టంలో కట్టేశాడు. తెల్లారగానే బందెలదొడ్డికి తోలతానన్నాడు. పరాయి చేలో పడ్డ పశువులను సర్కారు మూసిపెట్టే దొడ్డి అది. జరిమానా కట్టి విడిపించుకోకపోతే వేలం వేసేవాళ్లు. అక్కకు ఉన్నది ఆ ఒక్క బర్రే. చంటిబిడ్డకు ఆ పాలే ఆధారం.

"కంప ఉన్నింటే అదెట్ల దూరుతాది మామా?" అని అక్క ఏడ్చింది.

"కంప తీసింది నువ్వే. చాటుగా మేపుకోను తోలి, ఇప్పుడు ఈ ఏడుపు ఏంది? దొంగమేత అంటారమ్మీ దీన్ని!" అని పెదనాయన వీధి వినేటట్టు అరిచాడు.

నేను అక్కడే గడప మీద కూర్చుని రేగుపళ్లు తింటున్నాను. నేనేం చేశాను? బర్రెను తోలానా? ఒక్క కంకి తుంచానా? అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అక్క ఇంట్లో దూడ తల్లి కోసం అరుస్తుంటే కొరికిన పండు పక్కన పెట్టేశాను.

మిగిలిన పళ్లు తీసుకుని ఎదురింటి సాయిబు తాత దగ్గరికి పోయాను. తాత మార్కాపురం కోర్టులో బంట్రోతు పని చేసి, ముసలితనాన ఇల్లు చేరినవాడు. నేనిచ్చిన పళ్లను అరచేతిలో దొర్లించి చూశాడు. అంత లావు పళ్లు మా పెదనాయన చేని చెట్టుకే కాస్తాయని ఊరందరికీ తెలుసు. అయినా నన్ను ఏమీ అడగలేదు. కోర్టు సంగతి ఎత్తుకున్నాడు.

అక్కడి పాత కాగితాల్లో నేరాన్ని తక్సీరు అని రాసేవాళ్లట. కొట్టడమో, దొంగిలించడమో అయి ఉంటుందని తాత అనుకునేవాడట. ఒకనాడు ఫారసీ చదివిన ముసలి గుమాస్తాను అడిగితే, అది అరబ్బీలో పుట్టిన మాట, దాని మొదటి అర్థం తక్కువపడటం అని చెప్పాడట. మనిషి తాను చేయవలసినదానికి జానెడు తక్కువ చేసి ఊరుకోవడం.

"ముప్పై ఏండ్లు విన్న్యా పాపా. బోనెక్కినోడల్లా నేనేం చెయ్యలేదు దొరా అనేటోడే. కొందురు నిజమే చెప్పినారు. ఏం చెయ్యలేదు. ఆడనే ఉండాది తక్సీరు" అని, తాత ఒక పండు నోట్లో వేసుకుని అటు తిరిగాడు.

నేను లేచి కొట్టంలోకి పోయాను. "కంప నేనే వెయ్యలేదు పెదనాయనా" అని చెప్పి, దెబ్బ కోసం కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే ఆయన బర్రె తలుగు విప్పుతున్నాడు.

"కావిలి కాయాల్సినోణ్ణి పట్టపగలు పండుకుంటి. నాది గూడా ఉండాదిలే" అని గొణిగి, తలుగు నా చేతిలో పెట్టాడు. "పో, నువ్వే తోలుకపో."

బర్రె వాకిట్లో అడుగు పెట్టగానే దూడ ఉరికి వచ్చి పొదుగులో మూతి పెట్టింది. అక్కకు ఉన్నదంతా చెప్పాను. మెచ్చుకుంటుందని అనుకున్నాను కూడా. అక్క బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"కంప సంగతి పోనీలే, చిన్నపిల్లవు. నన్ను దొంగ అంటా ఉంటే నువ్వు ఆడనే కూచోని ఉంటివి గదమ్మీ."

మర్నాడు పెదనాయన నాతోనే కంప లాగించాడు. వేలిలో ముల్లు విరిగితే మా అమ్మ సూదితో తీసింది. అక్క మాట మాత్రం లోపలే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ చేలకు ఇనుప గేట్లు వచ్చాయి. తక్సీరు అంటే మా మనవళ్లకు తెలియదు. కానీ నలుగురూ కూడి ఒక మనిషిని అంటున్నప్పుడు, నాకు తెలిసిన నిజం నోటి దాకా వచ్చి ఆగితే, ఆ దూడ అరుపు వినబడుతుంది. అప్పుడు ఒళ్లో ఏమున్నా కింద పోసి లేస్తాను.