కెమెరా నంబరుకి పలికింది ఎవరు?

దయ్యాల మాట ఎవరెత్తినా ముందు నవ్వేది నేనే. నెట్‌వర్క్ ఇంజనీర్‌ని. కారణం లేకుండా ఏదీ చెడిపోదని నమ్మడమే నా ఉద్యోగం.

మాది శాన్ రామన్. మా పాప మేఘనకి నాలుగేళ్లు. దానికి ఫిట్స్ ఉన్నాయి, ఎక్కువగా నిద్రలోనే వస్తాయి. మధ్యాహ్నం పాప పైగదిలో పడుకుంటే, నేను కింద ఆఫీసు పని చేసుకుంటూ ఒక కన్ను ఆ గదిలో పెట్టిన కెమెరా వీడియో మీదే ఉంచుతాను. మొన్న వేసవిలో ఆ కెమెరా ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. ఆగినప్పుడల్లా పైకి పరుగెత్తితే పాప హాయిగా నిద్రపోతూ ఉండేది.

"పక్కింటివాళ్ళెవరో మన వైఫైలో దూరారేమో, పాస్‌వర్డ్ మార్చెయ్" అన్నాడు మా ఆయన కిరణ్. మార్చాను. తగ్గలేదు. నా బిడ్డ గదిలోకి ఎవరో తొంగి చూస్తున్నారేమోనని అన్నం కూడా సహించేది కాదు.

ఇంటి నెట్‌వర్క్‌లో ప్రతి వస్తువుకీ రెండు నంబర్లుంటాయి. ఒకటి మనం ఇచ్చేది. రెండోది ఫ్యాక్టరీలోనే పడేది, పుట్టు నంబరు అనుకోండి. రౌటర్ ఏదైనా పంపే ముందు "ఈ నంబరు ఎవరిది?" అని అందరినీ అడుగుతుంది. "నాది" అన్నవాళ్ళు తమ పుట్టు నంబరు చెబుతారు. రౌటర్ నమ్మేస్తుంది, ఋజువు అడగదు.

ఆ మాటలన్నీ రికార్డ్ చేశాను. కెమెరా నంబరుకి ఇద్దరు పలుకుతున్నారు. ఒకటి కెమెరా. రెండోది పలికినప్పుడల్లా రౌటర్ దాన్నే నమ్మి అటు తిరుగుతోంది, కెమెరా ఆగిపోతోంది. రెండో పుట్టు నంబరు చూడగానే గుర్తుపట్టాను. అది మా తమ్ముడు వంశీ ల్యాప్‌టాప్‌ది. అప్పట్లో రౌటర్‌లో ఎక్కించింది నేనే.

వంశీ ఉద్యోగం వెతుక్కుంటూ మా దగ్గరే ఉండేవాడు. పాప మంచం పక్కనే కూర్చుని అప్లికేషన్లు పెట్టుకునేవాడు. ఫిట్స్ వస్తే మా కంటే ముందు వాడే కనిపెట్టేవాడు. పోయినేడాది ఫ్రీవే మీద యాక్సిడెంట్‌లో పోయాడు. వాడి ల్యాప్‌టాప్‌కి ఇచ్చిన నంబరు ఖాళీ అయిందని కెమెరాకి ఇచ్చేశాను. మా పనిలో అది మామూలే.

క్లోజెట్ తెరిచి చూశాను. ల్యాప్‌టాప్ అక్కడే ఉంది. బ్యాటరీ ఉబ్బిందని ఎప్పుడో తీసేశాం, ఛార్జర్ కూడా లేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆ వారంలోనే, మీటింగ్‌లో నేను మాట్లాడుతుండగా కెమెరా మళ్లీ ఆగింది. అంతకు ముందే చూశాను, పాప కదలకుండా పడుకుని ఉంది. విసుక్కుంటూనే పైకి వెళ్లాను. తలుపు తీసేసరికి పాప చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. ముక్కులో కొట్టే మందు వెంటనే కొట్టాను. ఫిట్స్ ఆగాయి. కెమెరా ఆగకపోయుంటే నేను మాటల్లోనే ఉండిపోయేదాన్ని.

సాయంత్రం రికార్డ్ చూస్తే, అప్పుడు పలికింది వంశీ ల్యాప్‌టాప్ నంబరే.

ఎవరో ఆ నంబరు కాపీ కొట్టి ఉంటారని ఆఫీసులో అన్నారు. కావచ్చు. ఎవరు, ఎందుకు అంటే వాళ్ళూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

"కెమెరాకి వేరే నంబరు ఇచ్చేస్తే గొడవ వదులుతుంది కదా" అంటాడు కిరణ్. చిటికెలో అయ్యే పని. ఇప్పటికీ చెయ్యలేదు. కెమెరా అప్పుడప్పుడు ఆగుతూనే ఉంది. భయం కూడా పోలేదు. మెట్లు ఎక్కుతూ మాత్రం "వస్తున్నాన్రా, వంశీ" అంటాను.