తువ్వాలు బరువు

ఆమె మా కాన్పుల వార్డులో ఉన్న నాలుగు రోజులూ నాకు ఆమెను చూస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆమెను పొగిడి నేను మంచిదాన్ని అనిపించుకునే ఉద్దేశం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

గిడ్డంగిలో ధాన్యం బస్తాలు తూచే ఉద్యోగం ఆమెది. అక్కడందరూ కాటా అక్క అంటారట. పన్నెండేళ్ళుగా ఎవరికీ ఒక్క గ్రాము వదల్లేదు. సొంత మరిది తడి బస్తాలు తెస్తే లారీతో సహా వెనక్కి పంపింది. దాంతో అత్తింటివాళ్ళు మాటలు మానేశారు. మొగుడిదీ తమ్ముడి పక్షమే. ఆపరేషన్ కాగితం మీద సంతకం గీకి, ఫోన్ మాట్లాడి వస్తానని బయటికెళ్ళినవాడు మళ్ళీ కనిపించలేదు. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఇదంతా ఆమె నాతో చెప్పలేదు. పక్క మంచం మీద కోడలికి తోడుగా వచ్చిన ముసలావిడ ఆరా తీసి వార్డంతా చాటింది.

కడుపు కోసి కుట్లు వేసిన మనిషికి పక్కకు తిరగాలన్నా ప్రాణం పోతుంది. కాటా అక్క మంచం కడ్డీ పట్టుకుని, పళ్ళ బిగువున లేచేది. పాప తడిపితే తనే మార్చేది. రెండో రోజు పొద్దున నన్ను పిలిచింది.

"ఆయా, బాత్రూమ్‌కి వెళ్ళొస్తాను. రెండు నిమిషాలు పాపను పట్టుకో."

"చేతిలో బకెట్ కనపడటం లేదా? నలభై మంచాలు నాకు. పిల్లల్ని ఎత్తుకోవడానికి పెట్టుకోలేదు నన్ను."

ఆమె రెండోసారి అడగలేదు. పాపను ఎడమచేత్తో గుండెకు అదుముకుని, కుడిచేత్తో పొట్ట కింద పట్టుకుని, గోడ వెంట వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఒళ్ళంతా చెమట. చుట్టూ డజను మంది ఆడవాళ్ళు కూర్చుని చూశారు. "పొగరు! అందుకే దిక్కు లేకుండా పడుంది" అంది ముసలావిడ. నేనూ నవ్వాను.

మూడో రోజు సిస్టర్ పాపను తూచి, కాగితం చూసి మొహం చిట్లించింది. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు. ఇప్పుడు రెండు కిలోల ఐదువందల యాభై.

"మూడువందల యాభై తగ్గింది. నీకు పాలు చాలడం లేదు. పాపను కింద నర్సరీలో ఉంచి డబ్బా పాలు పడతాం. తోడు కూడా ఎవరూ లేరు, నీ వల్ల కాదు."

కాటా అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె భయపడగా చూడటం నాకదే మొదలు. రెండంతస్తుల మెట్లు దిగే స్థితిలో లేదు ఆమె. నోటికి డబ్బా అలవాటైతే పాప మళ్ళీ రొమ్ము పడుతుందో లేదో.

"గుటకలు నాకు వినిపిస్తున్నాయి సిస్టర్. పొద్దుటి నుంచి మూడుసార్లు తడిపింది. మొదటి రోజు తూకమే తప్పు. తువ్వాలుతో పాటు పెట్టారు."

"మత్తులో ఉన్నదానివి, నీకేం తెలుసు?"

"మత్తు నడుము కిందే. కళ్ళకి కాదు."

ఆ రోజు తూచింది నేనే. ముందు తువ్వాలు వేసి, అంకెను సున్నాకి తెచ్చి, అప్పుడు బిడ్డను పెట్టాలి. వరసగా రెండు ఆపరేషన్లు, "ఎంత? ఎంత?" అని లోపలి నుంచి అరుపులు. చుట్టిన బిడ్డను చుట్టినట్టే పెట్టి అంకె చెప్పేశాను.

సిస్టర్ నా వైపు తిరిగింది. "తువ్వాలు బరువు తీసే చెప్పావు కదా?"

"తీసే చెప్పాను." తడుముకోకుండా వచ్చింది అబద్ధం. నాది కాంట్రాక్టు ఉద్యోగం.

కాటా అక్క నాతో వాదన పెట్టుకోలేదు. పక్క మంచం వైపు చెయ్యి చూపించింది. "ఆ పిల్లాడిని కూడా తూచండి. వాడూ అదే పొద్దున పుట్టాడు. రెండు బస్తాలు ఒకేలా తగ్గితే తప్పు బస్తాలది కాదు, తూచినవాళ్ళది."

"నా మనవణ్ణి ముట్టుకున్నారంటే ఊరుకోను!" అని ముసలావిడ లేచింది. బూరెల్లాంటి బుగ్గలు వాడివి, చప్పరించి చప్పరించి తాగేవాడు. సిస్టర్ వినకుండా తూచింది. వాడూ మూడువందల నలభై తగ్గాడు. తర్వాత దిండు కింద నుంచి కాటా అక్క తీసిచ్చిన ఆకుపచ్చ తువ్వాలును తూచింది. రెండువందల ఇరవై.

అంటే పాప నిజంగా తగ్గింది నూటముప్పై. పుట్టిన కొత్తలో అంతమాత్రం అందరు పిల్లలూ తగ్గుతారు. నర్సరీ కాగితం చింపేసి, సిస్టర్ అందరి ముందూ నన్ను కడిగిపారేసింది.

కాటా అక్క మాత్రం గొంతు పెంచలేదు. "తప్పు తూకం నేనూ వేశాను, చాలాసార్లు. అడగ్గానే ఒప్పుకున్నాను. నువ్వు తెలిసి తెలిసీ నా పాపను కిందికి పంపేదానివి."

పంపేదాన్నే.

మర్నాడు పొద్దున ఆమె మళ్ళీ కడ్డీ పట్టుకుని లేచింది. నేను బకెట్ కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, చాచాను.

"ఇలా ఇవ్వమ్మా. నేను పట్టుకుంటాను."

ఆమె నా చేతుల వంక చూసింది. పాపను ఎడమచేత్తో గుండెకు అదుముకుని, కుడిచేత్తో పొట్ట కింద పట్టుకుని, గోడ వెంట వెళ్ళింది.