డబ్బాలోంచి తీసేసిన పేరు

మెదక్‌లో రాందాస్ చౌరస్తా దాటాక వచ్చే స్కానింగ్ సెంటర్‌లో యాదలక్ష్మికి ఇది పదకొండో ఏడు. పుట్టింది కుల్చారంలో. అక్కడి సర్కారు బడిలోనే పదో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. సెంటర్‌లో మొదట ఊడ్చి తుడిచే పనికి చేరింది. తర్వాత కౌంటర్‌లో కూర్చుని పేర్లు రాసింది. ఇప్పుడు స్కాన్‌లన్నీ భద్రంగా ఉంచే బాధ్యత ఆమెదే. పొద్దున తాళం తీయగానే గోడ మీది నరసింహస్వామి పటానికి దండం పెట్టి, ఆ తర్వాత మెట్ల కింది నల్లడబ్బా వైపు చూస్తుంది. దాని మీద ఆకుపచ్చ దీపాలు వెలుగుతుంటే ఆమెకు నిమ్మళం.

సెంటర్‌లో తీసిన ప్రతి స్కాన్ వైరు వెంబడి వచ్చి ఆ డబ్బాలోనే పడుతుంది. కౌంటర్‌లో, డాక్టర్ గదిలో, స్కాన్ గదిలో ఉన్న మూడు కంప్యూటర్లూ అందులోని ఫోల్డర్లనే తెరుస్తాయి. లోపలికి పోవాలంటే ఒక పేరూ పాస్‌వర్డూ చెప్పాలి. ఏళ్ల తరబడి ఆ మూడూ చెప్పే పేరు ఒక్కటే, జయానందం.

జయానందం అక్కడి పెద్ద టెక్నీషియన్. డబ్బా పెట్టించినవాడూ, ఫోల్డర్లు చేసినవాడూ ఆయనే. ఎవరు వచ్చినా ముందు ఊరి పేరు అడిగేవాడు. "మన దగ్గర ఆగమ్మలు వందమంది ఉంటరు యాదమ్మా, ఊరు పట్టుకుంటేనే మనిషి దొరుకుతది" అనేవాడు. అందుకే డబ్బాలో ఊరికొక ఫోల్డరు. ఒంట్లో బాగాలేక పని మానేసేటప్పుడు డబ్బాలోకి ఎవరు రావచ్చో తేల్చే అడ్మిన్ పాస్‌వర్డ్ యాదలక్ష్మి చేతిలో పెట్టి, "నువ్వు పదిలంగ చూస్తవు" అన్నాడు. నెల తిరగకముందే ఆయన పోయాడు.

శనివారం ఆయన ఇంట్లో స్మారక ప్రార్థన జరిగింది. యాదలక్ష్మి పూలదండ పట్టుకుని వెళ్లి చివరి వరుసలో కూర్చుంది. జయానందం కష్టాలన్నీ తీరి, పనులన్నీ దిగి, ఇప్పుడు దేవుని దగ్గర సేద తీరుతున్నాడని పాస్టర్ గారు చెప్పారు. ఆ మాట ఆమె గుండెలో నాటుకుంది. సేద తీరుతున్న మనిషిని మేమేమో పొద్దున్నే పేరు పెట్టి పిలిచి, మూడు కంప్యూటర్ల దగ్గరా పని చెప్తున్నాం కదా అనిపించింది. చనిపోయినవాళ్లను ఊరికే పిలవకూడదని ఇంట్లో పెద్దలు చెప్పగా విన్న మనిషి. తిరిగొస్తూ సెంటర్‌కు వెళ్లింది. అడ్మిన్‌గా లోపలికి పోయి, జయానందం పేరు మీద నొక్కి, తీసెయ్యమంది. డబ్బా ఇంగ్లీషులో నాలుగు వరుసల ప్రశ్నేదో అడిగింది. ఓకే కొట్టింది. "ఇగ నిమ్మళంగ ఉండన్నా" అనుకుని, కళ్లు తుడుచుకుని ఇంటికి పోయింది.

సోమవారం పొద్దున ఒక్క ఫోల్డరూ తెరుచుకోలేదు. ఏది నొక్కినా అనుమతి లేదనే మాటే.

అదే పొద్దున శివ్వంపేట నుంచి ఆగమ్మ, ఆమె భర్త వీరయ్య వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. కిరాయి కారు బయట ఆగి ఉంది. ఆగమ్మ ఊపిరితిత్తిలో మచ్చ ఉందని పోయిన వారం హైదరాబాద్ దవాఖానలో తేలింది. నాలుగేళ్ల కింద దగ్గు వచ్చినప్పుడు ఇదే సెంటర్‌లో స్కాన్ తీశారు. ఆ మచ్చ అప్పుడే ఉండి, అంతే సైజులో ఉంటే భయం లేదు, కోయక్కర్లేదు. కొత్తదైతే రేపే ఆపరేషన్. పాత స్కాన్ పన్నెండింటిలోపు పంపితే చూస్తానని, లేకపోతే సాయంత్రానికి వచ్చి చేరాలని అక్కడి డాక్టర్ చెప్పాడు.

"ఇంట్ల ఫిల్మ్ లేదా తాతా?" అని అడిగింది యాదలక్ష్మి.

"ఉండె బిడ్డా. గ్రహణం నాడు సూర్యున్ని చూస్తమని పోరగాండ్లు ముక్కలు ముక్కలు కత్తిరించిండ్రు" అన్నాడు వీరయ్య.

"నువ్వు సుత ఒక ముక్క వెట్టుకొని చూడలే?" అంది ఆగమ్మ. అని నవ్వబోయింది గానీ దగ్గు వచ్చింది.

యాదలక్ష్మి మళ్లీ తెర వైపు తిరిగింది. శనివారం డబ్బా అడిగిన ప్రశ్న ఏమిటి? ఆయనవన్నీ కూడా తీసెయ్యమంటావా అనేనా? గుర్తుకు తెచ్చుకుందామంటే ఆ వరుసలు కంటి ముందు నిలబడటం లేదు. భయంలో ఆమెకు తోచింది ఒక్కటే. అడ్మిన్‌గా వెళ్లి జయానందం అని కొత్తగా మళ్లీ పేరు పెట్టి, పాత పాస్‌వర్డే ఇచ్చింది. క్షమించమని మనసులో మొక్కుకుంది. ఫోల్డర్ నొక్కింది. అనుమతి లేదు.

జలాల్‌కు ఫోన్ చేసింది. మెదక్‌లో సగం ఆఫీసుల కంప్యూటర్లు బాగుచేసేది అతనే. దుకాణంలో మనుషులున్నా, యాదలక్ష్మి గొంతు విని షట్టర్ సగం దించి బండి మీద వచ్చేశాడు. అప్పటికి పదిన్నర.

"ఏమైందక్కా, గంత పరేషాన్‌గ ఉన్నవ్?"

"తెల్వది భాయ్. పొద్దుగాల నుంచి తెరుస్తలేదు."

ఆ అబద్ధం ఆమె నాలుక మీద చేదుగా నిలిచింది.

జలాల్ మెట్ల కింద వంగి వైర్లు చూశాడు. దీపాలు చూశాడు. కౌంటర్ నుంచి డబ్బాను పలకరించి చూస్తే అది వెంటనే బదులిచ్చింది. "డబ్బా మంచిగనే ఉన్నది, తొవ్వ మంచిగనే ఉన్నది. తలుపు కాడనే వద్దంటున్నది" అని గొణుక్కుంటూ అడ్మిన్‌గా లోపలికి వెళ్లి పేర్ల జాబితా తెరిచాడు. ఒక వరుస దగ్గర వేలు ఆపాడు. తర్వాత మెల్లగా, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"అక్కా, జయన్న పోయి నెల కావస్తుంది గద. ఈయన ఇయ్యాల పొద్దుగాల ఎనిమిది నలభైకి ఎట్ల పుట్టిండు?"

యాదలక్ష్మి ఇక దాచలేదు. ప్రార్థన, పాస్టర్ గారి మాట, ఓకే కొట్టడం, అన్నీ చెప్పేసింది. "అన్నీ పోయినయా భాయ్? నిజం చెప్పు. గా ముసలామెను నా చేతులారా కోతకు పంపుతున్ననా?"

జలాల్ నవ్వలేదు, కసరలేదు. "జర ఆగు, చూస్త. ముందుగాల నీళ్లు తాగు" అని తన సీసా ఆమె ముందుకు జరిపాడు.

డబ్బాలో ఎంత నిండి ఉందో చూశాడు. నాలుగు వంతుల్లో మూడు వంతులు. "ఎక్కడికీ పోలే, దేవుని దయ. ఇటు చూడు." ఫోల్డర్ యజమాని పేరు ఉండాల్సిన చోట పేరు లేదు. వట్టి అంకె ఉంది, 1031.

"డబ్బా పేర్లు చూడదక్కా. మనిషికో నంబర్ ఇచ్చుకొని దాన్నే యాదికి వెట్టుకుంటది. జయన్న నంబర్ ఇది. నువ్వు పొద్దుగాల పుట్టిచ్చిన జయన్నకు వేరే నంబర్ వచ్చింది. నా పేరు నువ్వు వెట్టుకుంటే నా ఆధార్ నీదైతదా?"

"కాదు."

"గంతే. సామాన్లన్నీ ఇంట్లనే ఉన్నయి, ఇంటాయన లేడు. కొత్తోడొచ్చి నేనే ఇంటాయన్నంటే ఇల్లు ఒప్పుకుంటలేదు."

జలాల్ సెంటర్ పేరుతో ఒక గుంపు చేసి, యాదలక్ష్మికీ డాక్టర్‌కూ వేరువేరు పేర్లు పెట్టి అందులో కలిపాడు. ఆ గుంపుకు ఫోల్డర్ల హక్కు ఇచ్చాడు. కౌంటర్ కంప్యూటర్ ఇంకా పాత పేరే చెబుతుంటే, అది దాచుకున్న పాస్‌వర్డ్ తుడిచి మళ్లీ ఆన్ చేశాడు. పదకొండుంబావుకు ఊళ్ల పేర్లు వరుసగా కనిపించాయి. కుల్చారం, కౌడిపల్లి, చేగుంట, శివ్వంపేట. యాదలక్ష్మికి ఏడుపొచ్చినంత పనైంది. శివ్వంపేట మీద నొక్కింది.

అనుమతి లేదు.

"గేటు తాళం తీసినం గని లోపటి అర్రల తాళాలు అట్లనే ఉన్నయి" అని జలాల్ లోపలి ఫోల్డర్లన్నిటికీ కొత్త హక్కు ఇవ్వమని డబ్బాకు చెప్పాడు. తెర మీద ఒక పచ్చగీత మొదలైంది. లక్షల ఫైళ్లు. గీత గోరంత జరిగి ఆగింది.

బెంచీ మీద వీరయ్య చేతిలోని రిపోర్టు కవరుతో భార్యకు విసురుతున్నాడు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అయినా విసురుతున్నాడు. "దొరికిందా అమ్మా?" అన్నాడు కౌంటర్ వైపు చూసి.

"చూస్తున్నం తాతా."

కారు డ్రైవర్ తలుపు దగ్గరికి వచ్చి గడియారం చూసుకుని, మళ్లీ కారు దగ్గరికి పోయాడు. పదకొండూ ముప్పైఅయిదు. గీత ఇంకో గోరంత జరిగింది.

"ఇది పొద్దుగూకేదాక సాగుతది" అన్నాడు జలాల్. ఒక్క క్షణం ఆలోచించి దాన్ని ఆపేశాడు. "ఊరంతటికి తాళాలు తీసుడు తర్వాత. ముందుగాల ఒక్క ఇల్లు తీద్దం. ఏ ఊరు?"

"శివ్వంపేట."

ఆ ఒక్క ఫోల్డరుకే హక్కు ఇచ్చాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. తెరుచుకుంది. నాలుగేళ్ల కిందటి నెలలు ఒక్కొక్కటీ చూశారు. ఎల్లమ్మ, ఈశ్వరమ్మ, మల్లయ్య. ఆగమ్మ లేదు. పక్క నెల చూశారు. అక్కడా లేదు.

ఆ ప్రశ్నకు తాను కొట్టిన ఓకే ఈ ఒక్క మనిషినే తుడిచేసిందా అన్నంత పిచ్చిభయం వేసింది యాదలక్ష్మికి. స్వామీ, స్వామీ అనుకుంటూ బెంచీ దగ్గరికి వెళ్లి ఆగమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అవ్వా, అప్పుడు ఈడికొచ్చినప్పుడు ఏ ఊరని చెప్పినవ్?"

"మా ఊరే చెప్పిన బిడ్డా."

"శివ్వంపేటేనా? మంచిగ యాది చేసుకో."

ఆగమ్మ వీరయ్య వైపు చూసింది. వీరయ్య కవరు విసరడం ఆపాడు. "అప్పుడు మన దేవిక కాన్పైంది గదనే. నువ్వు మూణ్నెల్లు బిడ్డ తాన్నే ఉంటివి. నేను ఒక్కణ్ణే ఒండుకొని తినలే?"

"ఏం ఒండినవ్, మాడవెట్టినవ్" అంది ఆగమ్మ. అంటూనే ఏదో తట్టింది. "అవు బిడ్డా. అప్పుడు దేవికోళ్ల ఊరు చేగుంట నుంచే వచ్చిన. గా పెద్దాయన ఎక్కడి నుంచొచ్చినవమ్మా అంటే చేగుంట అన్న."

యాదలక్ష్మి లేచి పరుగెత్తింది. పదకొండూ నలభైఎనిమిది. జలాల్ చేగుంటకు హక్కు ఇచ్చాడు. శివ్వంపేట కన్నా పెద్ద ఫోల్డరు. గీత జరుగుతుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. తెరుచుకున్నాక మూడో నెలలో, ఆరో వరుసలో ఉంది. ఆగమ్మ, భర్త వీరయ్య. పక్కన జయానందం అలవాటుగా రాసే చిన్న మాట, 'దగ్గు, బల్ల మీంచి జాగ్రత్తగా దించాలి'.

సెంటర్ డాక్టర్ కృష్ణమోహన్ అప్పుడే తన గదిలోంచి బయటికి వచ్చి, ఆగమ్మ సంగతి విని కౌంటర్ కుర్చీలోనే కూర్చున్నాడు. పాతదీ, వీరయ్య కవరులోని సీడీలో ఉన్న కొత్తదీ పక్కపక్కన పెట్టి మచ్చ మీద గీత పెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. పాతదాన్ని హైదరాబాద్‌కు పంపి ఫోన్ అందుకున్నాడు. పన్నెండుకు మూడు నిమిషాలుంది. అటువైపు డాక్టర్ చూసి చెప్తానన్నాడు. ఆ చూడటానికి పావుగంట పట్టింది. అంతసేపూ యాదలక్ష్మి ఏ దేవుణ్ని తలచుకుందో లెక్క లేదు. ప్రార్థన జరిగిన ఇంటి దేవుణ్నీ తలచుకుంది, జలాల్ దేవుణ్నీ తలచుకుంది.

"అసలు ఏమైంది ఇయ్యాల?" అని డాక్టర్ అడిగాడు.

"సెట్టింగ్ ప్రాబ్లం సార్, పెద్దదేం కాదు" అన్నాడు జలాల్ తలెత్తకుండా.

"కాదు సార్" అంది యాదలక్ష్మి. "జయన్న పేరు నేనే తీసేసిన. ఆయనకు పని చెప్పబుద్ధి కాలే. డబ్బా ఏమో అడిగితే సమజ్ కాకుండనే ఓకే కొట్టిన."

డాక్టర్ ఆమె వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. అంతలో ఫోన్ మోగింది. విన్నాడు. "సరే... అవును, నేను కూడా అంతే కొలిచిన... సరే." ఫోన్ పెట్టి బెంచీ వైపు తిరిగాడు.

"అవ్వా, మచ్చ అప్పుడెంత ఉన్నదో ఇప్పుడంతే ఉన్నది. వెంట్రుకంత సుత పెరగలే. ఆపరేషన్ అక్కరలేదు. ఆర్నెల్లకు ఇంకోసారి తీద్దం."

ఆగమ్మకు అర్థం కాలేదు. "ఇప్పుడు హైదరాబాద్ పోవాల్నా, వద్దా?"

"వద్దే" అన్నాడు వీరయ్య. ఆ ఒక్క మాట అని, కవరు ఒళ్లో పెట్టుకుని కండువాతో మొహం కప్పుకున్నాడు.

డాక్టర్ గదిలోకి పోతూ యాదలక్ష్మి దగ్గర ఆగాడు. "ఇంకోసారి ఏం తీసేసినా ముందుగాల నాకు చెప్పు. ఇంగ్లీషుల ఏమడిగినా నన్ను పిలువు. సమజైందా?"

"అయింది సార్."

జలాల్ మిగిలిన ఊళ్లకు హక్కులు ఇవ్వడం మొదలుపెట్టాడు. భయంతో నిన్నటి నుంచి ముద్ద దిగలేదని ఆగమ్మ చెబితే, యాదలక్ష్మి తన టిఫిన్ డబ్బా తెచ్చి మూత తీసి ఆమె ఒళ్లో పెట్టింది. ఆగమ్మ పప్పన్నం కలిపి మొదటి ముద్ద వీరయ్య చేతిలో పెట్టి, రెండోది తను తింది.

"పప్పుల ఉప్పెయ్య మరిచినవ్ బిడ్డా" అంది.

యాదలక్ష్మి ఉప్పు వెతకడానికి లోపలికి వెళ్లింది.