సున్నం కింది పేరు

ఆదివారం వస్తే ఆదోనిలో సినిమాకు పోయేవాళ్ళున్నారు, పేకాటకు పోయేవాళ్ళున్నారు. నేను సమాధులు చూడడానికి పోతాను. బళ్ళో డ్రాయింగు మాస్టారిని, చెక్కిన రాయి కనిపిస్తే కాళ్ళు అటే లాగుతాయి. "బతికినోళ్ళతో పని ల్యాదా సారూ నీకి?" అని టీ కొట్టాయన ఎగతాళి చేస్తాడు. ఉంది గానీ, బతికినవాళ్ళు కదలకుండా కూర్చోరప్పా అంటాను.

కోట కొండ కింద పాత గోరీల దగ్గర ఒక ముసలి సాయిబు నాకు రాళ్ళు చదవడం నేర్పాడు. గోరీ పైన కలాలు పెట్టుకునే కలందాను మాదిరి పొడుగాటి గట్టు చెక్కి ఉంటే మగమనిషి, పలక మాదిరి చదునుగా ఉంటే ఆడమనిషి. పేరు అరిగిపోయినా అంతవరకు తెలుస్తుంది. ఒక గోరీ చుట్టూ చెక్కిన పూలతీగ ఎక్కడా తెగకుండా తిరిగి మొదలుకే వచ్చి కలుస్తుంది. దాన్ని కాగితం మీద బొగ్గుతో రుద్ది అచ్చు తీసుకోవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. లింగాయతు షావుకార్ల సమాధుల మీద చిన్న నందులుంటాయి. లోపల మనిషిని కూర్చోబెట్టి పూడుస్తారు. ఒకసారి మిట్టమధ్యాహ్నం ఒంటరిగా అక్కడ బొమ్మ వేస్తూ, ఇంతమంది నాకు ఎదురుగా కూర్చుని ఉన్నారు కదా అనుకున్నాను. బొమ్మ సగంలో వదిలేసి వచ్చేశాను.

ఇన్ని రాళ్ళు చదివినవాణ్ణి, మా అమ్మ రాయి మాత్రం చదవలేదు. చదవడానికి అక్షరం కనబడితే కదా!

అమ్మది ఎమ్మిగనూరు చివర, మా క్రైస్తవుల సమాధుల తోటలో ఉంది. నాకు ఆరేళ్ళప్పుడు పోయింది. నాయన కూలి డబ్బులు కూడబెట్టి కడప బండ మీద పేరు చెక్కించాడు. ఈస్టరు ముందు సమాధికి సున్నం కొట్టకపోతే పోయినవాళ్ళను మరిచిపోయినట్టే అని మావాళ్ళ నమ్మకం. ఏడాదికో పూత. ఆ సున్నం అక్షరాల గుంతల్లో నిండి, దోసె మీద దోసె వేసినట్టు పేరుకుంది. కొట్టేది మా అక్క. గోనెగండ్లలో కూలికి పోతుంది, చదువు రాదు. గోడ నుంచి మూడోది అమ్మది, అదే ఆమె గుర్తు.

ఈ ఏడు ఎండలు మొదలవుతుండగా అక్క ఫోను చేసింది.

"రేయ్, తోట నిండిపోయిందంట. పేరు కనపడని సమాధులన్నీ సదును సేస్తారంట. ఈస్టరు లోపల అమ్మ పేరు సూపియ్యల్లంట."

"దానికేముందక్కా, సున్నం గీకితే పేరు అదే బయటపడతాది" అన్నాను. ధైర్యంగానే అన్నాను.

ఈస్టరు ముందురోజు ఇద్దరం పోయాం. తోటలో సగం సమాధుల మీద ఎర్ర రంగుతో గుణకారం గుర్తులు. అక్కడక్కడా అప్పటికే చదును చేసిన చోట మట్టి కొత్తగా, ఎర్రగా ఉంది. గాలి ఊరికే దుమ్ము లేపుతోంది. ఒక్క పిట్ట కూత లేదు. గుంతలు తవ్వే తాత ఒక్కడే మా వెనకాలే వచ్చి కూర్చున్నాడు. అమ్మ సమాధికి ఇవతల ఎవరిదో కొత్తది, సిమెంటు తడి ఆరలేదు, పైన వాడిన బంతిమాల.

ఇనుముతో గీకితే రాయి పాడవుతుందని కొయ్యముక్క తెచ్చుకున్నాను. నీళ్ళు చల్లి నానబెట్టి గీకుతుంటే సున్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఒక పొర తెల్లన, ఒక పొర నీలిమందు కలిపిన ఏడాదిది. అడుగున 'ప్రభువునందు నిద్రించిన' అన్న మాట బయటపడింది. ఎంత అందమైన అక్షరాలో! తలకట్లు చిన్న పక్షులు వాలినట్టున్నాయి. మా నాయన మంచి పనివాణ్ణే పట్టుకున్నాడని పొంగిపోయాను. తర్వాత పేరు బయటపడింది. అది మా అమ్మ పేరు కాదు. కింద వయస్సు అరవై రెండు అని ఉంది. మా అమ్మ ముప్పై కూడా చూడలేదు.

"ఏం రాసిండారు? సదువు" అంది అక్క. నేను కొయ్యముక్క కింద పెట్టేశాను.

నా ముఖం చూసి తాతే అడిగాడు. విషయం చెప్పాను. ఆయన లేచి గోడ వైపు చెయ్యి చూపించాడు.

"ఈ గోడ అప్పుడు ఆడ ల్యాకుండె సారూ. వానకు కూలిపోతే అవతలికి జరిపి కట్టినారు. ఆ సందులో ఇంకో సమాధి వచ్చింది. మీరు సుగ్గికి పోయిండారు సూడు, అప్పుడు."

అమ్మ పోయిన రెండేళ్ళకు కరువొచ్చి సుగ్గికి పోయాం. సుగ్గి అంటే పని వెతుక్కుంటూ ఊరు విడిచిపోవడం. గుంటూరు వైపు మిరపకాయలు కోస్తూ మూడు ఈస్టర్లు రాలేకపోయాం. నాయన అక్కడే జ్వరంతో పోయాడు. తిరిగొచ్చాక అక్క కొత్త గోడ నుంచే మూడోది లెక్కపెట్టింది. ఆ రాయికి అప్పటికే దాని అసలు బంధువులు కొట్టిన సున్నం మందంగా ఉంది, అనుమానం రాలేదు. వాళ్ళూ ఏ సుగ్గికో పోయి తిరిగి రాలేదేమో. అంటే అమ్మది నాలుగోది. నాలుగో చోట తడి సిమెంటు ఉంది.

"దాని బండ మట్టిలో పూడిపోయిండె. తీసి ముక్కలు కొట్టి గేటు పునాదిలో ఏసినారు" అన్నాడు తాత మెల్లగా.

అక్క కూలబడిపోయింది. "పోయిన నెల సంగం పెద్దాయన అడిగినాడురా. ఈ పక్కది ఎవురూ సూసుకోల్యా, మీదేమన్నానా అని. మాది గాదు అంటి. రెండు మార్లు అంటి."

నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఉద్యోగం వచ్చినప్పుడు, అక్క పెళ్ళప్పుడు, ఇక్కడే మోకరించి అమ్మకు చెప్పుకున్నాం. అమ్మ పక్కనే పడి ఉండి, బిడ్డలు ఇంకెవరికో చెప్పుకునే మాటలన్నీ ఇన్నేళ్ళు విన్నదా? అప్పట్నించి ఒక్క ఏడు కూడా సున్నం లేకుండా!

అంతలో సంఘపెద్ద పుస్తకం పట్టుకొని వచ్చాడు, వెనక ఒకడు ఎర్ర రంగు డబ్బాతో. ఆయన వంగి రాయి మీది పేరు చదివాడు. "ఈమె మీకేమైతాది?" అన్నాడు.

నేను నిజం చెప్పబోయాను. అక్క నా చెయ్యి పట్టుకొని లేచింది.

"మా అమ్మ" అంది.

ఆయన రాయి మీది వయస్సు చూశాడు, అక్క ముఖం చూశాడు, పుస్తకంలో రాసుకొని పక్క వరసకు పోయాడు. అక్క కళ్ళు తుడుచుకొని కుంచె తీసుకుంది. పేరు మీద పడకుండా ఆ సమాధికి సున్నం కొట్టడం మొదలుపెట్టింది. నేను గోడ వైపే చూస్తూ నిలబడ్డాను. తడి సిమెంటు ఉన్న రెండోపక్కకు తల తిప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.