ప్రకాశం జుట్టు కోసం పెద్దాపురం ప్రయాణం

పెద్దాపురం జాతరకు నేను భక్తితో వెళ్లలేదు, ఒళ్లుమండి వెళ్లాను. ఎనభైల నాటి మాట. రాజమండ్రిలో నాతోపాటు ఒకే గదిలో ఉండే ప్రకాశానికి హెవీ మెటల్ పాటలంటే ప్రాణం. కాకినాడలో ఓడల మీద పనిచేసే స్నేహితుడు తెచ్చిచ్చే క్యాసెట్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని తల ఊపేవాడు. భుజాలు దాటేలా జుట్టు పెంచాడు. సిగరెట్టు ముట్టడు, ఒకరి జోలికి పోడు. అయినా వీధిలో వాడికి గంజాయిగాడని పేరు పెట్టారు. పెద్దాపురంలో కిరాణా కొట్టు నడిపే వాళ్లన్నయ్య రత్నంగారైతే, తమ్ముడికి పట్టిన దెయ్యం వదలాలని ఊరి అమ్మవారు మరిడమ్మకు వాడి తలనీలాలు మొక్కేసుకున్నారు. మొక్కు ఆయనది, జుట్టు వీడిది! "నువ్వు మాస్టారివి, నీ మాటైతే అన్నయ్య వింటాడు. తోడు రారా" అన్నాడు ప్రకాశం.

ఆషాఢమాసం, ఆదివారం. పొద్దున్నే ఏడింటి బస్సెక్కాం. రాజానగరం, రంగంపేట మీదుగా గంటన్నర ప్రయాణం, టిక్కెట్టు నాలుగు రూపాయల చిల్లర. రాత్రి కురిసిన వానకు తోటలన్నీ కడిగినట్టున్నాయి, కిటికీ పక్క సీటు దొరికితే వదులుకోకండి. కండక్టర్ ప్రకాశాన్ని వెనకనుంచి చూసి, "లేడీస్ సీట్లు ముందున్నాయండి" అన్నాడు. బస్సంతా నవ్వింది. పక్కనున్న పెద్దాయన వాడి చొక్కా కేసి చూసి, "పొద్దున్నే ఆ పుర్రె బొమ్మేంటి బాబూ, అరిష్టం" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "శివుడి మెడలో ఉంటే దండం పెడతారు కదండీ" అన్నాను. ఆయన లేచి వేరే సీటుకి పోయాడు.

ఇంటికెళ్లగానే వాళ్లమ్మగారు వేడివేడి పెసరట్లు పెట్టారు. నేను తింటూనే వాదన మొదలెట్టాను.

"అవి పాటలాండీ మాస్టారూ? ఎవరినో నరుకుతున్నట్టు ఆ అరుపులేంటండీ?" అన్నారు రత్నంగారు.

"వాడేం తప్పు చేశాడండీ?"

"చేసేదాకా ఆగమంటారేంటండీ? సంబంధాలవాళ్లు పిచ్చోడంటున్నారు. మంగలికి చెప్పేశాను, మధ్యాహ్నం గుండు."

గోడకు చెప్పినా వినేదేమో, ఆయన వినలేదు.

గుడి దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. అమ్మవారి కుండలు, అవే గరగలు, తలకెత్తుకుని ఆడుతున్నారు, డప్పులు గుండెలో మోగుతున్నాయి. నలుగురైదుగురు ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని ఊగుతుంటే, జనం వాళ్ల కాళ్లకు పసుపునీళ్లు పోస్తున్నారు. మంగలి దగ్గరికి నడుస్తున్న ప్రకాశం ఆ డప్పుల ముందు ఆగిపోయాడు. కళ్లు మూసుకుని తల ఊపడం మొదలెట్టాడు. గదిలో ఊపినట్టే, ఆ ఊపులో తేడా ఏమీ లేదు.

"అమ్మవారు పూనిందండోయ్!" అని ఎవరో కేకేశారు. వాడి చేతిలో వేపమండలు పెట్టారు, కర్పూరం వెలిగించారు. రత్నంగారు రెండు చేతులూ జోడించారు. తమ్ముడికి! వాళ్లమ్మగారు కాళ్లమీద పడి, "ఎవరమ్మా నువ్వు? ఏం కావాలి తల్లీ?" అని ఏడ్చారు. డప్పులు ఆగాయి.

"ఈ జుట్టు తీయొద్దు" అను, చాలు. ఇంక నీ జుట్టు ముట్టుకునే మగాడుండడు. అనరా అని మనసులోనే వాణ్ని బతిమాలాను.

ప్రకాశం కళ్లు తెరిచాడు. "నేనేనమ్మా, ప్రకాశాన్ని. డప్పు బాగుందని ఊగాను" అన్నాడు.

రత్నంగారు మొక్కిన చేత్తోనే చెంప పగలగొట్టారు. కర్పూరం పట్టినవాళ్లే భుజాలు నొక్కి మంగలి ముందు కూర్చోబెట్టారు. అడ్డం వెళ్లిన నన్ను అవతలికి తోసేశారు. జుట్టంతా వాడి ఒళ్లోనే కుప్పగా రాలింది.

ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు. అమ్మవారి మీదా కాదు, జాతర మీదా కాదు. అదే తల, అదే ఊపు. తమకు తెలిసిన పేరు పెడితే కాళ్లమీద పడ్డారు, వాడు తన పేరు చెప్పగానే కొట్టారు. అంతమందిలో ఆ డప్పును మనసుపెట్టి విన్నవాడు వాడొక్కడేనని నేను ఇప్పటికీ అంటాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. డప్పుల దగ్గర తల ఊగితే ఊగనివ్వండి. ఎవరైనా చేతులు జోడించి "ఎవరమ్మా నువ్వు" అని అడిగితే మాత్రం, చచ్చినా మీ పేరు చెప్పకండి.